పిల్లల పుస్తకంలో చావు ఉండాలి

ఈ నవల్లో పిల్లాడి నాన్న ఇండియాలో ఉంటాడు. ఏ ఊళ్లో ఉంటాడో, ఏం పని చేస్తాడో రచయిత చెప్పడు. 1900 ప్రాంతపు లండన్ పిల్లలకి ఇండియా అంటే నాన్నలు వెళ్లి ఏళ్ల తరబడి తిరిగిరాని దేశం. మన పల్లెలకి ఒకప్పుడు రంగూన్, ఇప్పుడు కువైట్ ఎలాగో అలాగ. అమ్మ మంచాన పడింది. పల్లెలో స్వేచ్ఛగా తిరిగిన పిల్లాణ్ని తెచ్చి మేనమామ ఇంట్లో పెట్టారు. ఆ మేనమామకి కాస్త పిచ్చేమోనని వాడి అనుమానం. వాడి పేరు డిగొరీ. పెరట్లో ఆడుకుంటున్న పక్కింటి పాలీకి గోడ మీద వాడి ముఖం కనిపిస్తుంది. మట్టి చేతులతో కన్నీళ్లు తుడుచుకున్న ముఖం అది. నాలుగు మాటలు అటూ ఇటూ అయ్యాయో లేదో, మా అమ్మ చచ్చిపోబోతోందని బయటపెట్టేస్తాడు. అప్పటికింకా మనం మొదటి అధ్యాయం మొదట్లోనే ఉన్నాం.

సి.ఎస్. లూయిస్ రాసిన ‘ద మెజీషియన్స్ నెఫ్యూ’ ఇది. 1955లో వచ్చింది. నార్నియా పుస్తకాలు ఏడింటిలో అచ్చయిన వరసలో ఆరోది, కథ వరసలో మొట్టమొదటిది. 2005 నుంచి వచ్చిన సినిమాల పుణ్యమా అని సింహం, బీరువా, మంచు మంత్రగత్తె మన పిల్లలకీ తెలుసు. ఆ బీరువా ఏ చెట్టు కలపతో తయారైందో, ఆ చెట్టు ఎవరి దుఃఖంలోంచి మొలిచిందో చెప్పే కథ మాత్రం ఆ సినిమాల్లో లేదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. మా స్కూల్లో లైబ్రరీ అంటే స్టాఫ్ రూములో ఒక ఇనప బీరువా, దాని తాళం ఎప్పుడూ తెలుగు టీచరు దగ్గరే. ఈ పుస్తకం ఆ బీరువాలోది కాదు. డాలస్ నుంచి వచ్చిన మా మేనకోడలి కొడుకు మా ఇంట్లో మర్చిపోయి వెళ్లాడు. ఒక వేసవిలో డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ల కోసం పోస్టుమాన్‌కి ఎదురెళ్లిన తరం మాది. మాంత్రికులూ, రెక్కల గుర్రాలూ, మాట్లాడే జంతువులూ మాకు కొత్త కాదు. ఇందులోనూ అవన్నీ ఉన్నాయి. నన్ను పట్టుకున్నది అవి కాదు, గోడ మీద ఆ పిల్లాడి ముఖం.

మన ఇళ్లలో ఒక చావు జరిగితే ముందు వినిపించే మాటల్లో ఒకటి, ‘పిల్లల్ని పక్కింటికి పంపించండి’. పక్కింట్లో టీవీ పెడతారు, బిస్కట్ ప్యాకెట్టు చేతిలో పెడతారు. తాతయ్య ఊరెళ్లాడంటారు, దేవుడి దగ్గరికెళ్లాడంటారు, చుక్కయ్యాడంటారు. ఒకే పూటలో ముగ్గురు పెద్దవాళ్లు మూడు రకాలుగా చెప్పగా విని ఏది నిజమో తేల్చుకోలేక నిలబడిన పిల్లల్ని నేను చూశాను. అదే మగపిల్లాడైతే, తలకొరివి పెట్టాల్సి వస్తే, నిన్నటిదాకా పక్కింటికి పంపినవాణ్నే ఇవాళ తీసుకొచ్చి కుండ భుజాన పెడతాం. చావు గురించి ఒక్క మాట చెప్పడానికి పసివాడు, కొరివి పెట్టడానికి మాత్రం పెద్దవాడు!

పెద్దకర్మ అయ్యాక ఆ పిల్లాడు గుండుతో బడికొస్తాడు. పిల్లలు వింతగా చూస్తారు. టీచర్లం మేం హాజరు వేసి పాఠం మొదలుపెడతాం. రెండు వారాల నోట్సు ఎవరి దగ్గరన్నా రాసుకోమంటాం. జాలి లేక కాదు. ఏం మాట్లాడాలో మాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. 2021లో కోవిడ్ తల్లినీ తండ్రినీ ఎత్తుకుపోయిన పిల్లలకి కేంద్రమూ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ 10 లక్షల రూపాయల చొప్పున సాయం ప్రకటించాయి. మంచి పని, కాదనను. ఆ పిల్లల చదువు ఆగకూడదు. కానీ వాళ్లలో ఒక పిల్ల రాత్రి దుప్పట్లో మనసులో పెట్టుకున్న ప్రశ్న ఏ ఫారంలో ఏ గడిలో రాస్తుంది?

కథలున్నాయిగా మనకి అంటారు. ఉన్నాయి. సావిత్రి యముణ్ని మాటల్లో ఓడించి మొగుణ్ని తెచ్చుకుంది. మార్కండేయుడు లింగాన్ని కౌగిలించుకున్నాడు, యమపాశం ఓడిపోయింది. నాకిష్టమైన కథలే, ముప్పై ఏళ్లు పాఠంగా చెప్పినవే. అయితే ఈ కథల్ని నిజంగా నాన్న పోయిన పిల్లాడి పక్కన కూర్చుని ఒకసారి వినండి. భక్తి గట్టిదైతే యముడు వెనక్కి పోతాడు. మా నాన్నని యముడు తీసుకెళ్లాడు. అంటే నా దణ్ణం చాల్లేదు, మా అమ్మ నోము చాల్లేదు. పిల్లల లెక్క ఇలాగే నడుస్తుంది. పెద్దవాళ్లు కథగా విన్నదాన్ని వాళ్లు తీర్పుగా వింటారు.

లూయిస్ చిన్నతనంలో సరిగ్గా ఇదే జరిగింది. ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ వాళ్ల ఊరు. తండ్రి ఆల్బర్ట్ న్యాయవాది. తల్లి ఫ్లోరా ఆ కాలంలోనే లెక్కల్లో డిగ్రీ చేసిన మనిషి. ఒక రాత్రి పిల్లాడు తలనొప్పి, పన్నునొప్పితో ఏడుస్తున్నాడు. అమ్మ రావడం లేదు. అమ్మ గదిలో డాక్టర్లున్నారు. తలుపులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, గొంతులు వినిపిస్తున్నాయి. అది క్యాన్సర్. ఆపరేషన్ ఇంట్లోనే చేశారు. నమ్మకంతో ప్రార్థిస్తే జరుగుతుందని ఎవరో చెప్పగా విని, ఆ పిల్లాడు పంతం పట్టి మరీ నమ్మకం తెచ్చుకుని ప్రార్థించాడు. 1908 ఆగస్టు 23న, భర్త పుట్టినరోజునాడే, ఫ్లోరా చనిపోయింది. పిల్లాడికి తొమ్మిదేళ్లు. అప్పుడు కూడా వాడు పట్టు వదల్లేదు, ఇక అద్భుతం జరిగి అమ్మ లేచి వస్తుందనుకున్నాడు. రాలేదు. తను దేవుణ్ని దేవుడిగా కాదు, ఒక మాంత్రికుడిగా చూశానని పెద్దయ్యాక ‘సర్‌ప్రైజ్డ్ బై జాయ్’ అనే ఆత్మకథలో రాసుకున్నాడు. అదీ 1955లోనే వచ్చింది. అమ్మ పోయిన నెల తిరిగేసరికి వాణ్ని ఇంగ్లండ్‌లో హాస్టలు బడికి పంపేశారు. మనం పక్కింటికి పంపుతాం, వాళ్లు సముద్రం దాటించారు.

ఇంకో సంగతి. తల్లి పోయిన రోజు క్యాలెండర్ కాగితం మీద షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ లోని ఒక వాక్యం ఉంది. తండ్రి ఆ కాగితాన్ని దాచుకున్నాడు. 1963లో లూయిస్ చనిపోతే అన్న వారెన్ అదే వాక్యాన్ని సమాధి రాతి మీద చెక్కించాడు. యాభై ఐదేళ్లు ఆ కుటుంబంలో ఆ వాక్యం మాసిపోలేదన్నమాట.

ఇక నవల్లోకి వస్తే, మంత్రం మేనమామ ఆండ్రూది. మేనమామ అంటే మనకి చెవులు కుట్టించేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకునే చుట్టం. ఈయన మేనల్లుణ్నీ పక్కింటి పిల్లనీ మంత్రపు ఉంగరాలతో వేరే లోకాలకి పంపి ప్రయోగం చేసుకునే పిరికి పెద్దమనిషి. పసుపు ఉంగరం తీసుకెళ్తుంది, పచ్చ ఉంగరం తెస్తుంది. మధ్యలో చిన్న చిన్న నీటి మడుగులతో నిండిన ఒక నిశ్శబ్దపు అడవి, ఒక్కో మడుగు ఒక్కో లోకానికి దారి. చచ్చిపోయిన ఒక మహానగరం, అక్కడ పిల్లాడు ఆగలేక కొట్టిన గంట, దానితో నిద్రలేచిన మంత్రగత్తె రాణి జాడిస్, ఆమె లండన్ వీధుల్లోకి వచ్చి గుర్రబ్బండెక్కి చేసే రభస. ఇదంతా జోరుగా సాగుతుంది, నవ్వొస్తుంది కూడా. ఈ భాగంలో లూయిస్ తన చిన్నప్పటి అభిమాన రచయిత్రి ఇ. నెస్‌బిట్‌కి బాగా బాకీ పడ్డాడు. ఆవిడ 1906లో రాసిన ‘ద స్టోరీ ఆఫ్ ది ఆమ్యులెట్’ లో బాబిలోన్ రాణి లండన్‌కి వస్తుంది. అక్కడా నాన్న దూరదేశంలో ఉంటాడు, అమ్మకి ఒంట్లో బాగుండదు.

నాకు గుర్తుండిపోయిన దృశ్యం మంత్రాలది కాదు. చూడ్డానికొచ్చిన ఎవరో ఒకావిడ రోగి కోసం ద్రాక్షపళ్లు తెస్తుంది. అమ్మ తోబుట్టువు లెటీ ఆవిడతో ముందుగదిలో మాట్లాడుతూ, ఇక ఈ లోకంలో ఏదీ పనిచేయదు, యవ్వన లోకపు పళ్లు తేవాల్సిందే అన్న అర్థంలో నిట్టూరుస్తుంది. మాటవరసకి అన్న మాట. పిల్లాడు విన్నాడు. లోకాలు వేరే ఉన్నాయని వాడు అప్పటికే చూసి వచ్చాడు కదా! ఆ క్షణంలో వాడికి పుట్టే ఆశ చదువుతుంటే భయం వేస్తుంది. మనం స్కాన్ రిపోర్టు గురించి పిల్లల ముందు ఇంగ్లీషులో మాట్లాడుకుంటాం, గొంతు తగ్గిస్తాం, ‘ఏం లేదమ్మా, నువ్వెళ్లి ఆడుకో’ అంటాం. వాళ్లు ఆడుకోరు. తలుపు చాటున నిలబడి సగం విని, మిగతా సగం తామే కల్పించుకుంటారు.

ఆ ఉంగరాలతోనే చేరిన, కొత్తగా పుడుతున్న నార్నియా లోకంలో డిగొరీ సింహాన్ని అడుగుతాడు, మా అమ్మని బాగుచేసేదేదైనా ఇస్తావా అని. సింహం మాటివ్వదు. ఓదార్పు మాటలూ చెప్పదు. పిల్లాడు నిరాశగా తలెత్తి చూస్తే, అంత పెద్ద సింహం కళ్లలో నీళ్లు. తనకంటే ఈయనకే ఎక్కువ బాధేమో అనిపిస్తుంది వాడికి. ఆ లోకాన్ని పాడి సృష్టించినవాడు కూడా ముందు ఏడ్చి, తర్వాతే పని చెప్తాడు. దూరాన కొండ మీద తోటలోంచి ఒక ఆపిల్ కోసుకురావాలి, మంత్రగత్తె నుంచి ఈ కొత్త లోకాన్ని కాపాడ్డానికి. తోటలో జాడిస్ ఎదురుపడుతుంది. ఆ పండు మీ అమ్మకి తీసుకెళ్తే ఇప్పుడే లేచి కూర్చుంటుంది, ఉంగరం నీ దగ్గరే ఉంది, వెళ్లిపో అంటుంది.

రిటైరవడానికి ముందు శనివారాలు ఆఖరి పీరియడ్లో ఆరో తరగతికి ఈ కథ తెలుగులో చెప్పేదాన్ని, వారానికో ముక్క. డిగొరీ పేరు నోరు తిరక్క ‘దిగులోడు’ చేసేశారు. అదే నాకూ అలవాటైంది. ఈ తోట ఘట్టం దగ్గర ఆపి, ఏం చేయాలర్రా అన్నాను. తరగతి మొత్తం ఒకే గొంతు: ‘తీసుకెళ్లిపోవాలి టీచర్!’ ఒక్కరూ నీతి మాట్లాడలేదు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది.

డిగొరీ తీసుకెళ్లడు. రచయిత ఇక్కడ రెండు కారణాలు చూపిస్తాడు. ఒకటి నాకు నచ్చింది, ఒకటి నచ్చలేదు. మంత్రగత్తె మాటల్లో మాటగా, ఆ పాలీని ఇక్కడే వదిలేసి పోవచ్చుగా అంటుంది. ఆ ఒక్క ముక్కతో పిల్లాడికి ఆమె చెప్పినదంతా డొల్లని తెలిసిపోతుంది. తోడొచ్చిన పిల్లని అడవిలో వదిలేసి రమ్మనే మనిషి మా అమ్మ మంచి కోరుతుందా? ఇది పిల్లలు ఒప్పుకునే కారణం. మా వాళ్లూ ఒప్పుకున్నారు. రెండోది తర్వాత సింహం చెప్పేది. దొంగిలించిన పండుతో అమ్మ బతికేదే గానీ, బతక్కపోయినా బాగుండేదని ఇద్దరూ అనుకునే రోజొచ్చేదట. ఇది నాకు మింగుడుపడలేదు. అమ్మ ప్రాణం మీద బెంగపెట్టుకున్న పిల్లాడి నెత్తిన ఇంత బరువు పెట్టడం లూయిస్‌లోని మతబోధకుడి పని, కథకుడి పని కాదు. తరగతిలో ఆ భాగం నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్పమన్నా చెప్పను.

చివరికి సింహమే ఇంకో పండు ఇస్తుంది. అమ్మ తింటుంది, మందులేవీ లేకుండా నిద్రపోతుంది. మర్నాడు డాక్టరు ఆశ్చర్యపోతూనే లెటీతో అంటాడు, పిల్లాడికి అప్పుడే ఏమీ చెప్పొద్దని. చూడండి, మంచి కబురు కూడా పిల్లలకి చెప్పకుండా దాచాలనే పెద్దరికం! ఆ వాక్యం రాసింది తొమ్మిదేళ్లప్పుడు తలుపుల చప్పుడు విన్న మనిషి.

అమ్మ బతుకుతుంది కదా, మరి ఇదీ సావిత్రి కథలాంటిదే కదా అని మీరడగొచ్చు. నేనూ ఆ ప్రశ్నతో చాలాకాలం పేచీ పడ్డాను. తేడా ఎక్కడుందంటే, ఇందులో పిల్లాడి భక్తినో ప్రార్థననో తూచి బహుమతి ఇవ్వరు. పండు తీసుకురాకముందే, అమ్మ బతుకుతుందో లేదో తెలియకముందే వాడి దుఃఖాన్ని ఒకరు పూర్తిగా ఒప్పుకుంటారు. బతికించడం కల్పన. ఆ ఒప్పుకోవడం మాత్రం నిజం, మనం మన ఇళ్లలో చేయగలిగింది. నార్నియా పుస్తకాల్లో అన్నిటికంటే చివర రాసి ముగించింది ఇదే. మొదలుపెట్టి పక్కన పెట్టి, మళ్లీ తీసి పూర్తి చేశాడు. సులువుగా వచ్చిన పుస్తకం కాదు.

రాసినంత మాత్రాన బతుకులో చేతనవుతుందనీ లేదు. లూయిస్ 1956లో జాయ్ డేవిడ్‌మన్ అనే అమెరికన్ రచయిత్రిని పెళ్లి చేసుకున్నాడు. ఆమెకి ఇద్దరు మగపిల్లలు, డేవిడ్, డగ్లస్. 1960 జులైలో ఆమె కూడా క్యాన్సర్‌తోనే పోయింది. డగ్లస్‌కి అప్పుడు పద్నాలుగేళ్లు. ఆ దుఃఖంలో మారుపేరుతో అచ్చువేసిన ‘ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్’ లో లూయిస్ రాశాడు, పిల్లలతో వాళ్లమ్మ గురించి మాట్లాడబోతే ఏదో కూడని మాట అన్నట్టు ముఖాలు పెడుతున్నారని, తన తల్లి పోయినప్పుడు తండ్రి ముందు తనదీ అదే పరిస్థితని. చాలా ఏళ్ల తర్వాత డగ్లస్ ఆ పుస్తకానికి ముందుమాట రాస్తూ తన వైపు సంగతి చెప్పాడు. అది సిగ్గు కాదు, మాట్లాడితే ఏడుపొస్తుందని భయం, తనతోబాటు ఆయనా ఏడుస్తాడని ఇంకా భయం. మగపిల్లాడు ఏడవకూడదని బడి నేర్పిన పాఠం అది. ఒకే ఇంట్లో ఇద్దరు, ఒకే మనిషి కోసం, ఒకరినొకరు తప్పుకుని తిరిగారు. ఏడ్చే సింహాన్ని ఊహించినవాడికే ఎదురుగా ఉన్న పిల్లాడి ముందు ఏడవడం రాలేదు. ఇక మనమెంత?

అందుకే పుస్తకం కావాలంటున్నాను. పెద్దవాళ్లకి నోరు రాని చోట అది మధ్యలో కూర్చుంటుంది. ఆ ఆరో తరగతిలో గుండుతో కూర్చున్న పిల్లాడొకడు ఉండేవాడు. తండ్రి లారీ డ్రైవరు, గుండెపోటుతో పోయాడు. కథంతా అయ్యాక వాడు అమ్మ గురించీ, పండు గురించీ అడగలేదు. ‘వాళ్ల నాన్న ఇండియా నుంచి వస్తాడా టీచర్?’ అన్నాడు. వస్తాడన్నాను, పుస్తకంలో నిజంగానే వస్తాడు. కాసేపాగి వాడు వాళ్ల నాన్న గురించి చెప్పాడు. నాగపూర్ దాకా వెళ్లేవాడని, వచ్చేటప్పుడు కమలాలు తెచ్చేవాడని. తరగతి విన్నది. ఎవడో కమలాలు ఎన్ని తెచ్చేవాడురా అనడిగాడు. ఆ లెక్క మీద గంట కొట్టేదాకా మాట్లాడుకున్నారు.

పిల్లలు భయపడతారని వాదించేవాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు. స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ 1973లో చావుకి దగ్గరైన పిల్లాడితో మొదలుపెట్టి ‘ద బ్రదర్స్ లయన్‌హార్ట్’ రాస్తే పెద్దవాళ్లు గొడవ చేశారు. పిల్లలు ఇప్పటికీ చదువుతున్నారు. మనకీ ఇది పరాయి వాసన కాదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు తల్లిని కుక్కని చేసి ఎత్తుకుపోతే, ఉయ్యాల్లోని బిడ్డ బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై ఏడు సముద్రాలు దాటి, చిలకలో ఉన్న ఫకీరు ప్రాణం తీసి అమ్మని తెచ్చుకుంటాడు. మంత్రం ఉంది, కుటుంబం ఉంది. తల్లి లేని ఆ ఏళ్లలో పిల్లాడు ఏమనుకున్నాడన్నది మాత్రం మనం చెప్పుకోలేదు. నచికేతుడు మూడు రాత్రులు పస్తుండి, యముడు ఏనుగులిస్తాను గుర్రాలిస్తానన్నా వద్దని, చనిపోయాక ఏమవుతుందో చెప్పమని నిలదీసినవాడు. పిల్లలకి చెప్పేటప్పుడు మనం వాణ్ని తండ్రి మాట నిలబెట్టిన బుద్ధిమంతుడి కింద కుదించేస్తాం. ఆ ప్రశ్న పిల్లలది. దాన్ని పెద్దల వేదాంతం కింద జమకట్టేసుకున్నాం.

తెలుగు పిల్లల రచయితలకి నాదొక విన్నపం. నీతి కథలు చాలినన్ని ఉన్నాయి. గుంటూరులోనో గోల్కొండలోనో, వందేళ్ల కిందటో నాలుగు వందల ఏళ్ల కిందటో, అమ్మ పోయిన పిల్లని నాయికగా పెట్టి మంత్రాలతో నిండిన నవల రాయండి. అమ్మ తిరిగి రావాలా వద్దా మీ ఇష్టం. ఆ పిల్ల ఏడుపుని మాత్రం రెండో పేజీలో ఆపేయకండి. ప్రచురణకర్తలు లూయిస్‌నీ లిండ్‌గ్రెన్‌నీ మంచి తెలుగులో తెస్తే కొనే టీచర్లున్నారు.

డబ్బు లేదనొద్దు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోతోంది. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలంటూ ప్రతి ఊళ్లో పిల్లలకి వ్యాసరచన పోటీలు పెట్టి, స్టీలు గ్లాసులు పంచుతున్నాం. ఈ ఏడాది ఆ గ్లాసుల ఖర్చుతో పిల్లల నవలలు కొనండి, తాళం తీసిన బీరువాలో పెట్టండి. మీ క్లాసులో, మీ వీధిలో ఈమధ్య ఇంట్లో ఎవరినన్నా పోగొట్టుకున్న పిల్లలుంటే, వాళ్లకి ఒక పుస్తకం మీరే చదివి వినిపించండి. మధ్యలో వాళ్లు ఏదన్నా అడిగితే పుస్తకం మూసి జవాబు చెప్పండి.